రాకాసి కథలు మన పిల్లలకు తగవా?

గడచిన ఉగాదినాడు మన సంఘమువారి సభలో పిల్లల చదువును గూర్చి కొంత చర్చ జరిగినది. ఒక పెద్దమనుష్యుడు లేచి, మన పిల్లలు తెలుగు పుస్తకము ముట్టకపోవుటకు కారణము తెలుగులో వారికి నచ్చు సరుకు లేకపోవుటయే యనిరి. ఇంగ్లీషువారికి కత్తి పట్టిన వీరుడును, నిప్పులు గ్రక్కు డ్రాగనును గల గొప్ప నవలలు కలవనియు, మనకు సుమతి వేమన పద్యములు దప్ప మఱేమియు లేదనియు సెలవిచ్చిరి. వెంటనే మఱియొక పెద్దమనుష్యుడు లేచి, అట్టి నవలలు మనకు లేకపోవుట మన యదృష్టమనిరి. రాకాసులు, మాంత్రికులు, మాయాద్వీపములు పిల్లల బుద్ధిని పాడుచేయు అబద్ధములనియు, నీతిపద్యములే వారికి చాలుననియు వాదించిరి. సభలోనివారు ఇరువురికిని చప్పట్లు కొట్టిరి. ఒకరు లేదని విచారించినదానినే మఱియొకరు లేదని సంతసించిరి. ఇరువురును ఏకీభవించిన విషయ మొక్కటే: అది మనకు లేదని. ఆ యొక్కటియే అబద్ధము.

ఆనాడు నేను నోరు విప్పలేదు. ముప్పదియేండ్లు గుమాస్తాగా పనిచేసినవాడు ఎదుటివారి మాటను కాగితముపై పెట్టుట నేర్చును గాని, సభలో లేచి తన మాట చెప్పుట నేర్వడు. ఈ సంచికలో చోటు దొరకినందున ఆ ఇరువురు పెద్దలకును ఇప్పుడు సమాధానము వ్రాయుచున్నాను. వారియందు నాకు గౌరవమే కలదు. వారి మాటయందు మాత్రము లేదు.

ముందుగా ఇంగ్లీషువారి సొమ్ము ఏపాటిదో చూతము. నా మనుమడు చెన్నపట్నమున చదువుచున్నాడు. సెలవులకు వచ్చినపుడు వాని చేతిలో ఇటుకంత దళసరి పుస్తక మొకటి కనబడినది. అన్నము పెట్టి పిలిచినను లేవడు. కథ ఏమిటో చెప్పుమని కూర్చుండబెట్టి మూడు రాత్రులు చెప్పించుకొంటిని. ఒక పల్లెటూరి సేద్యగాని యింటి పిల్లవానికి అడవిలో నీలిరాయి దొరకును. అది రాయి కాదు, గ్రుడ్డు. దానినుండి డ్రాగను పిల్ల పుట్టును. వాడు దానిపై స్వారి చేయు వీరుడగును. ఆ నవల పేరు 'ఎరగాన్'. వ్రాసినవాడు క్రిస్టఫర్ పావొలీనీ యను అమెరికా బాలుడు. పదునైదేండ్ల ప్రాయమున వ్రాయ మొదలుపెట్టెనట. 2002లో ఆ కుటుంబమువారే తమ ఖర్చుతో దానిని అచ్చువేసిరి. మఱుసటి యేడు పెద్ద ప్రచురణకర్తలు తీసికొనిరి. నాకు నచ్చినది కథకంటె ఈ సంగతియే. కొడుకు డ్రాగన్లను గూర్చి వ్రాయుచున్నాడని ఆ తలిదండ్రులు తల బాదుకొనలేదు. అచ్చువేయించి ఊరూర తిరిగి అమ్మిరి.

ఆ దేశములలో ఈ కథలకు వంశవృక్షమున్నది. ఇంగ్లండుకు రక్షకుడని కొలువబడు సెయింట్ జార్జి ఒక డ్రాగనును చంపి రాజకుమార్తెను కాపాడినట్లు గాథ కలదు. ప్రాచీనాంగ్లమున 'బేవుల్ఫ్' అను కావ్యమున ముసలివాడైన వీరుడు డ్రాగనుతో పోరి, దానిని చంపి, తానును మరణించును. నడిమి కాలమున గుఱ్ఱపు వీరుల కథలు మితిమీరగా, స్పెయినుదేశపు సెర్వాంటెస్ 1605లో 'డాన్ కిహోటే' వ్రాసి వానిని పరిహసించెను. అటువంటి పుస్తకములు చదివి మతిపోయిన వృద్ధుడొకడు గాలిమరలను రాక్షసులనుకొని వానిపైకి ఈటెతో దూకును. మన రెండవ పెద్దమనుష్యుని వాదము నాలుగువందల యేండ్ల క్రిందటనే, ఆయనకంటె చక్కగా, ఆ మహానుభావుడు చెప్పియున్నాడు. అయినను ఆ కథలు చచ్చినవా? 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టోల్కీను పండితుల సభలో నిలిచి, 'బేవుల్ఫ్'లోని రాక్షసులు కావ్యమునకు మచ్చ కాదనియు, వారే దాని ప్రాణమనియు వాదించెను. మఱుసటి యేడు 'హాబిట్' అను పిల్లల పుస్తకమున తానే ఒక డ్రాగనును బంగారు రాశిపై పండుకొనబెట్టెను. 1954-55లో వచ్చిన ఆయన పెద్ద నవల ఇప్పటికిని లోకమంతట చదువబడుచున్నది. పరిహాసమును ఓర్చుకొని మఱల లేచిన కథలివి. వానిని నేను తక్కువ చేయను.

అయితే మనకు లేవా? నిశ్చయముగా నున్నవి. రాజమహేంద్రవరమునకు చెందిన మధిర సుబ్బన్న దీక్షితకవిగారు 'కాశీమజిలీ కథలు' పండ్రెండు భాగములుగా వ్రాసిరి. అందు మణిసిద్ధుడను యతి కాశికి పోవదలచి, తోడు దొరకక, గోపుడను పశువులకాపరి బాలుని వెంటబెట్టుకొని పోవును. ప్రతి మజిలీలోను పిల్లవాడు తాను చూచిన వింత యొకటి చెప్పి, దాని కథ చెప్పుమని పట్టుపట్టును. కథ చెప్పనిచో అడుగు ముందుకు పడదు. పిల్లలను దూరము నడిపించు నుపాయము ఈ పుస్తకముకంటె బాగుగా చెప్పినది నేను చూడలేదు. యతి వానికి కాశి పుణ్యమును వర్ణించి నడిపింపలేదు. కథ చెప్పి నడిపించెను.

బాలనాగమ్మ కథను మన పెద్దలు బుఱ్ఱకథగా విన్నారు. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసికొనిపోవును. ఆమె కొడుకు బాలవర్ధిరాజు తల్లిని వెదకుచు బయలుదేరి, ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల ఆవల చిలుకయందున్నదని తెలిసికొని, ఆ చిలుకను పట్టి తెచ్చి తల్లిని విడిపించును. ఇంగ్లీషు గాథలో వీరుడు రాజకుమార్తెను విడిపించును. మన కథలో పిల్లవాడు తల్లిని విడిపించును. ఏది పిల్లల మనస్సునకు దగ్గఱయో తల్లులే చెప్పవలెను. 1942లో జెమినీవారు దీనిని చిత్రముగా తీయగా కాంచనమాల బాలనాగమ్మగా నటించినది. 1951లో విజయావారు 'పాతాళభైరవి' తీసిరి. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో వచ్చిన ఆ చిత్రమున తోటరాముడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. నేపాళ మాంత్రికుని ఎదిరించి గెలిచినది ఆ తోటమాలి కొడుకే. 1952లో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఆ చిత్రమును ప్రదర్శించిరి.

ఇక 'చందమామ'. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు చెన్నపట్నమున దీనిని ప్రారంభించిరి. తెలుగులో 'చందమామ'యు, తమిళమున 'అంబులిమామ'యు కవలపిల్లలవలె పుట్టినవి. ఇవి ఎక్కడనో దూరదేశమున పుట్టినవి కావు. మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రయాణికులు ఉదయము రైలెక్కి ఉద్యోగమునకు పోయి సాయంకాలము తిరిగివచ్చు పట్టణమున పుట్టినవి. దాసరి సుబ్రహ్మణ్యముగారు 1952లో ఆ కార్యాలయమున చేరి అర్ధశతాబ్దమునకు పైగా పనిచేసిరి. 1954లో 'తోకచుక్క'తో మొదలిడి పండ్రెండు జానపద ధారావాహికలు వ్రాసిరి. కుండలినీద్వీపపు సేనాని సమరసేనుడు ఏకాక్షి, చతుర్నేత్రుడను ఇరువురు మాంత్రికుల పగనడుమ చిక్కుకొన్న కథ అది. తరువాత 'కంచుకోట', 'జ్వాలాద్వీపము', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గము', 'శిథిలాలయము' మొదలైనవి వచ్చినవి. 'యక్షపర్వతము'లోని ఖడ్గవర్మ, జీవదత్తులు, 'మాయాసరోవరము'లోని జయశీల, సిద్ధసాధకులు నా యీడువారికి మేనమామ కొడుకులవంటివారు. 'చిత్రా' అను సంతకముతో టి. వి. రాఘవన్ గారు వేసిన బొమ్మలలో ఆ రాక్షసులు, ఆ గుఱ్ఱములు, ఆ కోటలు ఇప్పటికిని కన్నులు మూసికొన్న కనబడును.

ఇన్ని వ్రాసిన దాసరివారి పేరు ఆ కథలపై అచ్చుకాలేదు. ఎవరు వ్రాసినారో మాకు తెలియదు. ఒకరి సంతకముక్రింద పోవు కాగితమును తాను వ్రాయుట యేమో ఎఱిగినవాడను గనుక, పెద్దవాడనైన తరువాత ఈ సంగతి తెలిసినపుడు నాకు కన్నీరు వచ్చినది. 2010లో ఆయన మరణించిరి. 'చందమామ' కూడ దాదాపు 2012 తరువాత ఆగిపోయినది. లేనిదానిని లేదనుట వేఱు. మన యింట పుట్టి, మన కన్నులయెదుట పెరిగి, మన యలక్ష్యమువలన మఱుగుపడినదానిని లేదనుట వేఱు. మొదటి పెద్దమనుష్యునికి ఇదియే నా సమాధానము.

రెండవవారు అబద్ధములనిరి. ఈ మాటకు మూడు ప్రత్యుత్తరములు కలవు.

మొదటిది: చాలకాలము 'చందమామ' సంపాదకత్వ భారము మోసినది కొడవటిగంటి కుటుంబరావుగారు. 1952 మొదలు 1980లో మరణించువఱకు ఆయన ఆ పనిలో నుండిరి. ఆయన హేతువాది. మూఢనమ్మకములకు శత్రువు. అట్టివాడు నెలనెల భేతాళుని, మాంత్రికుని, రాక్షసుని పిల్లల చేతిలో పెట్టెను. కథ వేఱు, నమ్మకము వేఱు అని ఆయనకు తెలియును. పిల్లలకును తెలియును. రాకాసిలోయ ఏ రైల్వే స్టేషనుకు దగ్గఱ అని నన్నడిగిన పిల్లవాడు ఇంతవఱకు లేడు. రాశిఫలములు చూచి ప్రయాణము మానుకొనునది పెద్దలమే.

రెండవది: మన పురాణములనుండి వింతలను తీసివేసిన మిగులునదేమి? వృత్రుని చంపని యింద్రుడు, కాళీయుని తలలపై ఆడని కృష్ణుడు, సముద్రము దాటని హనుమంతుడు, వీరిని పిల్లలకు చూపుదమా? మన ప్రాంతపు గ్రామములలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు భారతము చదివించి, వీథినాటకమాడించి, తెల్లవార్లు మేలుకొని చూచు మనము, బకాసురవధ చూచి పిల్లలు చెడిపోదురని ఇంతవఱకు అనుకొనలేదే! గుడియొద్ద రాకాసి మంచిది, పుస్తకములో రాకాసి చెడ్డది అను న్యాయము నాకు బోధపడదు.

మూడవది మన తిరుత్తణి కొండయే చెప్పుచున్నది. శూరపద్ముడు చెట్టుగా మారి నిలువగా కుమారస్వామి శక్త్యాయుధముతో దానిని రెండుగా చీల్చెననియు, ఒక సగము నెమలియు, ఒక సగము కోడియు ఆయెననియు మనకందఱకు తెలిసిన కథ. నెమలి స్వామికి వాహనమైనది. కోడి ధ్వజమైనది. ఆ యుద్ధమైన తరువాత స్వామి కోపము తణిగిన చోటు కావున ఇది తణిగై. కందషష్ఠికి ఇతర క్షేత్రములలో శూరసంహారము జరుపుదురు. తిరుత్తణిలో జరుపరు. ఇచ్చట స్వామికి పుష్పాంజలి చేయుదురు. మూడువందల యఱువదియైదు మెట్లు ఎక్కి పోవు మనము ఈ యర్థమును తలచుచున్నామా? వీరుడు రాకాసిని జయించుటతో కథ ముగియలేదు. శత్రువునకు తన ప్రక్కనే చోటిచ్చినాడు. ఆపై తన కోపమును తానే జయించినాడు. సెయింట్ జార్జి కథ డ్రాగను చావుతో ముగియును. మన కథ కొండ యెక్కి శాంతించుటతో ముగియును. కత్తి పట్టిన వీరుని గూర్చి ఇంతకంటె పెద్దమాట ఏ దేశపు కథ చెప్పినది? దీనిని పిల్లవానికి చెప్పవలెనన్న ముందు రాకాసిని చూపవలెను గదా! రాకాసి లేనిచో శాంతించుట కేమున్నది?

ఈ మార్గము మన కథలలో పలుచోట్ల కనబడును. కబంధుడు రామునిచేత చంపబడి శాపము తీరి దివ్యరూపము పొందును. కాళీయుని కృష్ణుడు చంపక రమణకద్వీపమునకు పంపివేయును. నిజము దాచనక్కఱలేదు. నేపాళ మాంత్రికుని తోటరాముడు శాంతింపజేయలేదు. ఫకీరు చిలుక మెడ విరిచినప్పుడును ఎవరును జాలిపడలేదు. ఆవలివారిలోను, నా మనుమడు చెప్పిన కథలో పిల్లవాడు డ్రాగనుతో స్నేహమే చేయుచున్నాడు. కావున మనది ధర్మము, వారిది హింస అని గీత గీయుట నా యుద్దేశము కాదు. మన పిల్లవాడు వారి కథ చదువుటలో దోషము లేదు. మన కథ వానికి తెలియకపోవుటయే లోపము.

మన ధారావాహికలలో లోపములు లేవా? ఉన్నవి. అవి కూడ నేనే చెప్పెదను, పరులు చెప్పు నవసరము లేకుండ. ఎప్పుడును రాజులు, సేనానులు, రాజకుమార్తెలే. స్త్రీలు ఎత్తుకొనిపోబడుటకును విడిపింపబడుటకును మాత్రమే పుట్టినట్లుందురు. అడవిలోని జనులను నరబలులిచ్చు మోటువారిగా చూపుట తఱచు. మన జిల్లాలో ఇరులరు మన ప్రక్కనే జీవించుచున్నారు. వారి పిల్లవాడు ఆ పుట విన్నచో ఏమనుకొనును? నేను చదివి వినిపించునపుడు ఆ చోట ఆగి, ఇది వ్రాసినవారి తప్పని చెప్పుచున్నాను. ఒక ఆడపిల్ల, 'రాజకుమార్తెకు కత్తి యేల ఇయ్యలేదు?' అని యడిగినది. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ బదులు రేపు ఆ పిల్లయే వ్రాయవచ్చును. లోపమున్న యింటిని బాగుచేసికొందుము గాని కూల్చివేయము గదా.

ఇంతగా నేను వాదించుటకు కారణము వినోదము కాదు. మన లిపి పోవుచున్నది.

తిరుత్తణి తాలూకా ఆంధ్రరాష్ట్రపు చిత్తూరు జిల్లాలో నుండి, 1959నాటి సరిహద్దుల మార్పు చట్టముచే 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున కలిసినది. అది ముగిసిన వ్యవహారము. గీత జరిగినది గాని మన యిండ్లు జరుగలేదు. ఈ తిరుత్తణిలోనే 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెలుగువారింట పుట్టి రాష్ట్రపతి యైనారు. 2006నాటి చట్టముచే తమిళము బడులలో తప్పనిసరి పాఠ్యమైనది. మనముండు నేల భాష మన పిల్లలు నేర్చుట న్యాయమే, అందు నాకు తగవు లేదు. అయితే దాని ఫలముగా మన యిండ్లలో నేడు జరుగుచున్నదేమి? పిల్లవాడు తెలుగున మాటాడును, తమిళమున వ్రాయును, ఇంగ్లీషున చదువును. తాతగారి చేతివ్రాతలోనున్న ఆస్తి కాగితము వానికి గోడమీది బొగ్గుగీతలతో సమానము. బడిని నిందించి ప్రయోజనము లేదు. బడి ఇయ్యనిదానిని ఇల్లు ఈయవలెను. ఇల్లు బెత్తము పట్టుకొని ఈయలేదు. పిల్లవాడు తానై అడుగునట్లు చేయవలెను.

దీనికి నా యనుభవ మొకటి కలదు. రెండేండ్ల క్రిందట ఆదివారము సాయంకాలములందు మా వీథి పిల్లలు ఏడుగురిని తిన్నెమీద కూర్చుండబెట్టుకొని, నేను చిన్నతనమున చించి కుట్టించి దాచుకొన్న ధారావాహిక పుటలనుండి వారమున కొక భాగము చదువ మొదలిడితిని. మొదట నా భాషకు నవ్విరి. 'అట్టహాసము' అనగా ఏ హాస్యమని యొకడు వెక్కిరించెను. మూడవ వారమునకు నవ్వు పోయినది. భాగము ముగియగానే, 'అప్పరం ఏమాయ తాతా?' అని పట్టుకొనువారు. వచ్చే వారమనుచుంటిని. అంతలో నాకు కంటిలో పొఱకు శస్త్రచికిత్స జరిగినది. నెలదినములు అక్షరము చూడరాదని వైద్యుడు శాసించెను. ఆదివారము పిల్లలు వచ్చిరి. చదువలేనంటిని. పుస్తకము అక్కడనే యున్నది, కథ అందులోనే యున్నది, చదువువారు లేరు. ఆఱవ తరగతి పిల్ల యొకతె, ఇంట పెద్దబాలశిక్ష మొదటి పుటలు దాటనిది, పుస్తకము ఒడిలో పెట్టుకొని ఒక్కొక్క యక్షరము కూడబలుక మొదలిడినది. తమిళ లిపికి అలవాటుపడిన నాలుక గనుక ఖడ్గవర్మను 'కట్కవర్మ' యనినది. ప్రక్కవారు నవ్విరి. ఆమె కోపగించి, ఆ యక్షరమేమిటో చెప్పుమని నన్నడిగినది. నేను కన్నులు మూసికొని ఖకారమును గాలిలో వ్రాసి చూపితిని. ఆనాడు గంటసేపటికి ఒక్క పుట నడచినది. నెల ముగియునప్పటికి ఆ పిల్ల భాగము మొత్తము చదివినది.

గొప్పలు చెప్పుకొనుట లేదు. ఏడుగురిలో ఇరువురు మానివేసిరి. ఒకడు ఇప్పటికిని వినుటకే వచ్చును. నలుగురు మాత్రము తడబడుచునైనను తెలుగు చదువుచున్నారు. ఈ నలుగురిలో ముగ్గురి యిండ్లలో, ఎప్పుడో బహుమానముగా వచ్చిన సటీక శతక గ్రంథము రంగుదారము విప్పకుండ అలమరలో నున్నది. శతకము చెడ్డదని నేననను. వేమన పద్యము నోటికి రానివాడు తెలుగువాడు కాడు. కాని పద్యమున తరువాత ఏమాయెనను ప్రశ్న లేదు. పద్యము ఎక్కడికక్కడ పూర్తియైనది. పిల్లవాడు పుట త్రిప్పుటకు కారణము కావలెను. ఆ కారణము పేరే రాకాసి. ముందు రాకాసిచేత చదువు నేర్పింపుడు. చదువు వచ్చినవాడు వేమనను, పోతనను తానే వెదకికొని పోవును. చదువు రానివానికి పోతనయు, సున్నపు గోడయు ఒక్కటే.

మన యిరుగుపొరుగు తమిళులను చూచి నేర్చుకొనదగిన సంగతి యొకటి కలదు. కల్కిగారు 1950 మొదలు 1954 వఱకు తమ వారపత్రికలో 'పొన్నియిన్ సెల్వన్' వ్రాసిరి. వందియదేవుడను యువకుడు గుఱ్ఱమెక్కి వీరనారాయణపు చెఱువు గట్టున పోవుటతో కథ మొదలగును. ఆ కథను తాత చదివెను, తండ్రి చదివెను, మనుమడు చదువుచున్నాడు. 2022, 2023లలో మణిరత్నముగారు దానిని రెండు భాగముల చిత్రముగా తీయగా మన తెలుగు పిల్లలును పోయి చూచివచ్చిరి. వందియదేవుని గుఱ్ఱము ఇంకను పరుగెత్తుచున్నది. మనకు అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' లేదా? కాకతీయుల కాలపు ఆ గజదొంగ వీరుని గుఱ్ఱము ఏ విషయమున తీసిపోయినది? తీసిపోయినది మనము. తమిళులు తమ కథను ఇంటింట బ్రతికించుకొనిరి. మనము సభలో లేదని చప్పట్లు కొట్టుచున్నాము.

కథలు సెల్‌ఫోనులో చూచుకొందురు గదా, చదువు నవసరమేమి అని కొందఱు తలిదండ్రులు నన్నడిగిరి. చూడనిండు. నేనును 'పాతాళభైరవి'ని ఎన్నిమార్లు చూచితినో లెక్కలేదు. కాని బొమ్మలో మాంత్రికుడు ఎంత యెత్తుండునో బొమ్మవాడే నిర్ణయించును. పుస్తకములో మాంత్రికుని యెత్తు పిల్లవాడు నిర్ణయించును. పైగా బొమ్మ చూచుటకు ఖకారము అక్కఱలేదు.

కావున సంఘము పెద్దలకు నా విన్నపములు మూడు. ఉగాది, సంక్రాంతి పోటీలలో ఇచ్చు బహుమానములలో సగమైనను పిల్లలు చదువదగిన సాహసకథల పుస్తకములుండవలెను. దాసరివారి ధారావాహికలు కొన్ని ఈ మధ్య పుస్తకరూపమున వచ్చినవి. ఒక్కొక్క సెట్టు కొని సంఘము గదిలో ఉంచినచో మనకు వచ్చు నష్టము సభలో ఒక పూట కాఫీఖర్చు. రెండవది, ఆదివార తరగతిలో అక్షరములు దిద్దించిన పిమ్మట అరగంట కథ చదివి, సరిగా రాకాసి తలుపు తట్టినచోట ఆపివేయవలెను. తక్కినది పిల్లలు చేసికొందురు. మూడవది, మీ యింట పాత 'చందమామ'లు అటకమీద నున్నచో పాతకాగితములవానికి తూచి వేయకుడు. కిలోకు వచ్చు డబ్బుకంటె అందలి సేనాని ఎక్కువ బరువుగలవాడు.

ఇక ఆ పెద్దమనుష్యు లిరువురకు కడపటి మాట. అయ్యా, మీరు చిన్ననాట అమ్మమ్మ ప్రక్కన పండుకొని, చీకటిలో ఏడు సముద్రముల ఆవలి చిలుక కథ వినలేదా? విని భయపడి దుప్పటి ముసుగు పెట్టుకొని, మరల ముసుగు తీసి, ఆపైన ఏమాయెనని అడుగలేదా? ఆ కథవలన మీ బుద్ధి చెడినదా? చెడనిచో మీ మనుమల కేల దానిని కాదనెదరు? మాయల ఫకీరు ప్రాణము చిలుకలో నున్నట్లే మన భాష ప్రాణమును ఒకచోట దాగియున్నది. అది ఏడు సముద్రముల ఆవల లేదు. మన యింట, ఆ పిల్లల నోటిలో నున్నది. ఈ ఆదివారము ఆఱు గంటలకు మా తిన్నెమీద 'మాయాసరోవరము' మూడవ భాగము చదువబడును. తమరిరువురును దయచేయుడు. చదువునది ఆ ఆఱవ తరగతి పిల్లయే. ఇప్పుడు ఎనిమిదవ తరగతి. ఖకారము తప్పు పలికినచో దిద్దుటకు పెద్దలు కావలెను.